ల్యాప్‌టాప్ వేడెక్కుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ వచ్చిందంటే నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "ల్యాప్‌టాప్ కాలిపోతోంది, చెయ్యి పెట్టలేకపోతున్నా." పగలు నేనొక ఆఫీసులో సిస్టమ్ సపోర్ట్ చూస్తాను. సాయంత్రాలు చుట్టాలవీ, అపార్ట్‌మెంట్ వాళ్లవీ చూస్తాను. దానికి జీతం లేదు, చాయ్ మాత్రం వస్తుంది. అందరూ అడిగిందే అడుగుతున్నారు కాబట్టి చెప్పిందే చెప్పకుండా ఒకచోట రాసి పెడుతున్నాను. గేమ్స్ ఆడేవాళ్ల గొడవ ఇందులో లేదు. బ్రౌజర్, మీటింగులు, ఎక్సెల్, పిల్లల క్లాసులు, రాత్రికో సినిమా, ఇంతవరకే వాడేవాళ్ల కోసం ఇది.

అసలు ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతుంది?

అది తాగే కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది కాబట్టి. సన్నటి ల్యాప్‌టాపుల్లో ప్రాసెసర్‌ను ఎక్కువగా 15 వాట్ల చుట్టుపక్కల నడిచేలా తయారుచేస్తారు. పెద్ద పని మీద పడితే కాసేపు దానికి రెండు మూడు రెట్లు లాగుతుంది. ఆ వేడి మొత్తం గోరంత చిప్‌లో పుడుతుంది. చిప్ మీద చిన్న రాగి పలక, దాన్ని ఆనుకుని చదునుగా నొక్కిన రాగి గొట్టం, గొట్టం చివర దువ్వెన పళ్లలా సన్నటి రేకులు, ఆ రేకుల్లోకి గాలి ఊదే చిన్న ఫ్యాన్. కింద నుంచి చల్లగాలి లోపలికి రావాలి, రేకుల మధ్య నుంచి వేడిగాలి బయటికి పోవాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడ్డా వేడి లోపలే కూర్చుంటుంది.

నాది మామూలు వేడో, ఏదైనా ప్రాబ్లమో ఎలా తెలుస్తుంది?

సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించక ముందే చెయ్యి పెట్టి చూడండి. నేనూ మొదట చేసేది అదే.

గాలి బయటికొచ్చే సందు ఎక్కడుందో వెతకండి. కొన్నిటికి ఎడమ పక్కన, కొన్నిటికి వెనకాల, ఇప్పటి సన్నటి వాటికి స్క్రీన్ మడతబందు దగ్గర కనపడకుండా ఉంటుంది. ఫ్యాన్ మోత మొదలయ్యాక అరచేయి ఆ సందుకు రెండు అంగుళాల దూరంలో పెట్టండి.

గాలి జోరుగా, వేడిగా తగులుతోందంటే ఫ్యాన్ బాగానే ఉంది, దారి కూడా బాగానే ఉంది. లోపల పని ఎక్కువై వేడి పుడుతోందన్నమాట. అప్పుడు చూడాల్సింది సాఫ్ట్‌వేర్ వైపు. ఫ్యాన్ విమానంలా మోగుతున్నా చేతికి గాలి అంతంతమాత్రంగా తగులుతోందంటే రేకుల ముందు దుమ్ము పేరుకుంది. మెషీన్ పెనంలా కాలుతున్నా మోతా లేదు, గాలీ లేదంటే ఫ్యాన్ ఆగిపోయి ఉండాలి. ఇక నాలుగోది: గాలి జోరుగా వస్తోంది కానీ చల్లగా ఉంది, చిప్ మాత్రం మండుతోంది. అంటే చిప్ నుంచి రాగి పలకకి వేడి అందడం లేదు, ఆ రెండింటి మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది.

రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది. దీన్ని చేయకుండా కూలింగ్ ప్యాడ్ కొన్నవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు.

టెంపరేచర్ చూపించే సాఫ్ట్‌వేర్ 90 అంటోంది. పేలిపోతుందా?

పేలదు. హెచ్‌డబ్ల్యూ మానిటర్, కోర్ టెంప్ లాంటివి చూపించేది చిప్ లోపలి వేడి, మీ చేతికి తగిలే వేడి కాదు. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పుల్లో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. ఏఎండీవి మోడల్‌ను బట్టి 95 నుంచి 105 వరకు ఉంటాయి. హద్దు దగ్గర పడితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి పెరిగితే మెషీన్ ఠక్కున ఆఫ్ అయిపోతుంది. దాన్ని కాపాడడానికే ఆ ఏర్పాటు.

మనం చూడాల్సింది అంకె కాదు, అది ఎంతసేపు అక్కడే నిలబడింది అన్నది. పెద్ద ఫైల్ తెరిచినప్పుడు ఒక్క క్షణం 90కి పోయి వెంటనే 60కి దిగిందంటే అది మామూలే. రెండు ట్యాబులు తెరిచి ఊరికే చదువుకుంటుంటే కూడా పావుగంట నుంచి 90 మీదే కూర్చుందంటే ఏదో తేడా ఉంది. ఏమీ చేయనప్పుడు 40 నుంచి 55, బ్రౌజింగ్‌లో 50 నుంచి 70 ఉంటే నేను పట్టించుకోను. మే నెలలో వీటికి ఇంకో ఐదారు డిగ్రీలు కలుపుకోండి.

ఎండాకాలంలోనే ఎందుకింత? చలికాలంలో ఇదే మెషీన్ కిక్కురుమనలేదు.

ఫ్యాన్ గదిలో ఉన్న గాలినే లోపలికి లాగుతుంది, చల్లగాలిని అది తయారుచేయలేదు. గది ఐదు డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు ఐదు డిగ్రీలు ఎక్కుతుంది. డిసెంబర్‌లో 20 డిగ్రీల గదిలో 65 చూపించిన మెషీన్, మేలో 38 డిగ్రీల గదిలో అదే పనికి 80 దాటి చూపిస్తే తప్పు దానిది కాదు. ఆపిల్ వాళ్లు మ్యాక్‌బుక్‌లకు రాసిన లెక్క ప్రకారం వాడాల్సిన గది వేడి 10 నుంచి 35 డిగ్రీల లోపు ఉండాలి. రోహిణి కార్తెలో మన పై ఫ్లోర్ గదులు మధ్యాహ్నం ఆ 35ను ఎప్పుడో దాటేస్తాయి. రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అన్నారా!

అందుకే పై ఫ్లోర్‌లో, పెంట్‌హౌస్‌లో ఉండేవాళ్లకు నేను ల్యాప్‌టాప్ గురించి చెప్పక ముందు స్లాబ్ గురించి చెప్తాను. పగలంతా ఎండను తాగిన స్లాబ్ రాత్రి పదకొండు దాకా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. టెర్రస్ మీద తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయిస్తే గదిలో తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. అద్దె ఇల్లు, ఓనర్ ఒప్పుకోడు అంటారా, అయితే మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా బరువైన పనులు పెట్టుకోకండి. పెద్ద అప్‌డేట్లు, వీడియో ఎక్స్‌పోర్టులు పొద్దున ఆరింటికి పెట్టుకోండి. కిటికీలోంచి ఎండ నేరుగా కీబోర్డు మీద పడే టేబుల్ ఉంటే ఇవాళే జరపండి. నల్ల మెటల్ బాడీ ఎండకి పెట్టిన పళ్లెంలా కాలుతుంది.

కూలర్ ముందు పెట్టుకోవచ్చా?

కూలర్ ఉన్న గదిలో పెట్టుకోవచ్చు, మూతికెదురుగా వద్దు. హైదరాబాద్ ఎండ పొడి ఎండ కాబట్టి కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది, గది నిజంగానే చల్లబడుతుంది. కానీ నీళ్లు నిండుగా పోసి ఫుల్ స్పీడ్‌లో పెడితే గాలితో పాటు సన్నటి తుంపర కూడా వస్తుంది. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే, బకెట్ అంచుకి కూడా తెల్లగా ఉప్పు కడుతుంది. ఆ తుంపర మదర్‌బోర్డు మీద పడడం ఎవరికీ మంచిది కాదు. పక్కకి ఐదారు అడుగులు జరిగి, గాలి మీకు తగిలి ల్యాప్‌టాప్‌కి నేరుగా తగలకుండా కూర్చోండి. కిటికీ కొంచెం తెరిచి ఉంచకపోతే గంటలో గదంతా చెమ్మ పట్టి కూలర్ కూడా చేతులెత్తేస్తుంది.

ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెడితే?

వద్దు. బయటికి తీయగానే లోపలా బయటా నీటి బొట్లు పడతాయి. తడిగుడ్డ కింద పరచడం, ఐస్ ప్యాక్ పెట్టడం కూడా అలాంటివే.

మంచం మీద, ఒళ్లో పెట్టుకుని వాడితే నిజంగా తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. ఎక్కువ ల్యాప్‌టాపులు గాలిని అడుగు నుంచే పీల్చుకుంటాయి. పరుపు మెత్తగా లోపలికి దిగి ఆ రంధ్రాలన్నీ మూసేస్తుంది, రబ్బరు కాళ్లిచ్చే ఆ కాస్త సందు కూడా పోతుంది. బొంత, దిండు, సోఫా అన్నీ అంతే. పైగా దుప్పటి నూలు పోగులు లోపలికి పోయి ఫ్యాన్‌కి చుట్టుకుంటాయి.

మంచం మీదే వాడాలంటే వంటింట్లోని వెడల్పాటి స్టీల్ పళ్లెమో, పిల్లల పరీక్ష అట్టో కింద పెట్టండి. టేబుల్ మీద అయితే వెనక కాళ్ల కింద రెండు బాటిల్ మూతలు పెట్టి అరంగుళం లేపండి. చూడ్డానికి నామోషీగా ఉంటుంది కానీ కొన్ని మెషీన్లలో నాలుగైదు డిగ్రీలు అక్కడే తగ్గుతాయి.

ఒళ్లో గంటల తరబడి పెట్టుకుంటే వేడి చర్మానికి కూడా మంచిది కాదు. రోజూ ఒకేచోట తగిలే వేడికి తొడల మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు రావడం డాక్టర్లు చూసిన విషయమే. మగవాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది, విడమరిచి చెప్పక్కర్లేదు. టేబుల్ మీద పెట్టుకోండి.

ఏమీ చేయకపోయినా ఫ్యాన్ మోగుతూనే ఉంది. ఎందుకు?

మీరు చేయడం లేదు, అది చేస్తోంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ (అంటే ప్రాసెసర్) అన్న కాలమ్ మీద క్లిక్ చేస్తే ఎక్కువ లాగుతున్నది పైకి వస్తుంది. మ్యాక్ అయితే యాక్టివిటీ మానిటర్ తెరవండి.

నేను చూసినవాటిలో దొంగలు ఎక్కువసార్లు వీళ్లే: ఏ ట్యాబులోనో వదిలేసిన వీడియో యాడ్లతో నిండిన వెబ్‌సైట్, ఒకటికి రెండు యాంటీవైరస్‌లు, ఆగకుండా ఫోటోలు సింక్ చేస్తున్న క్లౌడ్ డ్రైవ్, సగంలో ఆగిన ప్రింటర్ సాఫ్ట్‌వేర్. విండోస్ పెద్ద అప్‌డేట్ అయిన రోజు మాత్రం గంటో రెండు గంటలో వదిలేయండి. అది ఫైళ్లన్నీ మళ్లీ లెక్కపెట్టుకుంటుంది, తర్వాత దానికదే సర్దుకుంటుంది.

ఇంకో మాట. చాలామంది వారాల తరబడి షట్‌డౌన్ చేయరు, మూత మూసేసి లేచిపోతారు. మూత మూస్తే అది నిద్రపోతుంది అంతే. వారానికోసారి రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా పాత సంగతులు కొన్ని దాచిపెట్టుకుని మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఏదో మూల ఇరుక్కుపోయిన ప్రోగ్రామ్ పూర్తిగా వదలాలంటే రీస్టార్టే దారి.

వీడియో మీటింగ్ పెడితేనే వేడెక్కుతోంది.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ తీసేసి చూడండి. వెనకాల గోడను మసకబార్చడానికి ప్రతి ఫ్రేములోనూ మీ తల ఎక్కడుందో, జుట్టు ఎక్కడ ముగిసిందో మెషీన్ లెక్క కడుతూ కూర్చుంటుంది. పాత ప్రాసెసర్‌కి అది పెద్ద కూలిపని. వెనకాల ఆరేసిన బట్టలు కనపడతాయన్నదే బాధ అయితే కుర్చీ గోడవైపు తిప్పుకోండి. మీటింగ్ ఉన్నంతసేపు మిగతా ట్యాబులు మూసేయండి, ఇరవై మంది మొహాలు ఒకేసారి చూపించే గ్రిడ్ కాకుండా మాట్లాడేవాళ్లు మాత్రమే కనపడేలా పెట్టుకోండి.

సెట్టింగుల్లో మార్చదగ్గది ఏదైనా ఉందా?

ఉంది, రెండు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ దగ్గర పవర్ మోడ్ అని ఉంటుంది. దాన్ని బెస్ట్ పర్ఫార్మెన్స్‌లో పెట్టుకుని తిరిగేవాళ్లు ఎక్కువ. బ్యాలెన్స్‌డ్‌కి గానీ, బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీకి గానీ మార్చండి. వర్డ్, మెయిల్ పనిలో తేడా మీకు కనపడదు.

రెండోది పాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. 100 ఉన్నచోట 99 పెడితే చాలా మెషీన్లలో టర్బో ఆగిపోతుంది. టర్బో అంటే చిప్ ఒక్కసారిగా దౌడు తీసే అలవాటు, వేడి ఎక్కువగా పుట్టేది అప్పుడే. ఒక్క శాతానికి పది పదిహేను డిగ్రీలు దిగిన మెషీన్లు చూశాను. కొత్త మోడళ్లు కొన్నిటిలో ఈ ఆప్షన్ కనపడకుండా దాచేశారు, లేకపోతే వదిలేయండి.

దుమ్ము నేనే శుభ్రం చేసుకోవచ్చా?

పోయిన మేలో మల్కాజ్‌గిరిలో మా బాబాయ్ ల్యాప్‌టాప్ సంగతి చెప్తాను. ఐదేళ్ల పాతది. స్విచ్ వేసిన పది నిమిషాలకే మోత, అరగంటకి ఆఫ్. "అరేయ్, దీని పనైపోయింది, కొత్తది చూడు" అన్నాడు. "ఆగు బాబాయ్, ముందు స్క్రూడ్రైవర్ ఇవ్వు" అన్నాను. అరచేయి పెట్టి చూస్తే మోత ఉంది, గాలి లేదు. అడుగు మూత విప్పి చూస్తే ఫ్యాన్ రెక్కల మీద బూడిదరంగు పొడి, అంతవరకు మామూలే. ఫ్యాన్ విప్పి పక్కకి తీశాక అసలు సంగతి బయటపడింది. ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య, సరిగ్గా గాలి వెళ్లే వాకిట్లో, చిన్న కంబళి ముక్కలా దుమ్ము గట్టిగా అతుక్కుపోయి ఉంది. చిమటాతో ఒక కొస పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చింది. పిన్ని జుట్టు, దుప్పటి పోగులు, దేవుడి గది అగరుబత్తి పొడి అన్నీ అందులోనే. కాస్త జిడ్డుగా కూడా ఉంది. ల్యాప్‌టాప్ పెట్టే డైనింగ్ టేబుల్ వంటింటికి ఆనుకునే ఉంది మరి, రోజూ వేసే తాలింపు పొగ దుమ్ముకి జిగురులా పనిచేసింది. మళ్లీ బిగించాక ఫ్యాన్ వినపడనంత మెల్లగా తిరిగింది. బాబాయ్ ఇప్పటికీ దాని మీదే షేర్లు చూసుకుంటున్నాడు.

అందుకే పైపైన ఊదడం సగం పనే. బయటి సందులోంచి గాలి కొడితే ఆ కంబళి వెనక్కి జరిగి, రెండు వారాల్లో మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. విప్పి తీస్తేనే ఫలితం.

మీరే చేయాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి. వారంటీ ఉంటే విప్పకండి, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. ముందు పూర్తిగా షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయండి. మీ మోడల్ పేరుతో విప్పే వీడియో ఒకటి పూర్తిగా చూశాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు, కొన్ని రబ్బరు కాళ్ల కింద దాక్కుంటాయి. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెడితే చివర్లో ఒకటి మిగిలిపోయే బాధ ఉండదు. మూత క్లిప్పులు ఊడదీయడానికి పాత ఏటీఎం కార్డు చాలు, కత్తి వద్దు. లోపల మొదట చేయాల్సింది బ్యాటరీ కనెక్టర్ తీయడం.

ఫ్యాన్‌ని ఇయర్‌బడ్‌తో కదలకుండా పట్టుకుని మెత్తటి పెయింట్ బ్రష్‌తో తుడవండి. పట్టుకోకుండా బ్లోయర్ కొడితే అది హద్దు మించి తిరిగి బేరింగ్ పోతుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ వద్దు, స్టాటిక్ కరెంటుతో బోర్డుకి ప్రమాదం. కెమెరా లెన్స్‌కి వాడే రబ్బరు బంతి లాంటి బ్లోయర్ ఉంటే అది చాలు.

ఎన్నాళ్లకోసారి అంటే అది మీరుండే చోటును బట్టి. కోకాపేట, నార్సింగి వైపు చుట్టూ టవర్లు లేస్తున్న చోట ఏడాదికే నిండిపోతుంది. కుక్కో పిల్లో ఉన్న ఇంట్లో కూడా అంతే. చెట్ల మధ్య, మెయిన్ రోడ్డుకి దూరంగా ఉంటే రెండేళ్లు ఆగొచ్చు.

థర్మల్ పేస్ట్ ఎప్పుడు మార్చాలి?

దుమ్ము తీశాక కూడా వేడి తగ్గకపోతే, మెషీన్‌కి మూడు నాలుగేళ్లు దాటి ఉంటే. చిప్‌కీ రాగి పలకకీ మధ్య కంటికి కనపడని గరుకుల్లో గాలి మిగలకుండా నింపేదే ఈ పేస్ట్. ఏళ్లు గడిచేకొద్దీ ఎండి సుద్దముక్కలా పెళుసవుతుంది. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టి, రాగి పలక స్క్రూలు దాని మీద రాసి ఉన్న నంబర్ల వరసలో బిగించాలి. పక్కనున్న చిప్పుల మీద మెత్తటి రబ్బరు ముక్కల్లాంటి ప్యాడ్లు ఉంటాయి, అవి చిరిగితే వాటి బదులు పేస్ట్ పూయకూడదు. అక్కడ సందు ఎక్కువ, పేస్ట్ అందుకోదు.

మొదటిసారి చేసేవాళ్లు దీన్ని షాపులోనే చేయించడం మేలని నా అభిప్రాయం. దుమ్ము తీయడంలో తప్పు జరిగితే దిద్దుకోవచ్చు, చిప్ అంచు విరిగితే మదర్‌బోర్డే మార్చాలి.

షాపుకి తీసుకెళితే ఏం అడగాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, కంప్యూటర్ పనులకి ఇప్పటికీ చాలామంది వెళ్లేచోటు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లో కూడా వీధికో రిపేర్ షాపు ఉంది. ఎక్కడికి వెళ్లినా "సర్వీస్ చేయండి" అని వదిలేయకండి. ఆ మాటకి అర్థం ఎవరి ఇష్టం వాళ్లది. ఒకసారి నేనే బిజీగా ఉండి మా చెల్లెలి ల్యాప్‌టాప్ ఒక షాపులో ఇచ్చాను. సర్వీస్ అని డబ్బులు తీసుకుని పైన స్ప్రే కొట్టి, స్క్రీన్ తళతళలాడేలా తుడిచి ఇచ్చారు. ఇంటికొచ్చి విప్పితే కంబళి ఎక్కడిదక్కడే ఉంది.

ఇలా అడగండి: ఫ్యాన్ బయటికి తీసి రేకులు శుభ్రం చేస్తారా? పేస్ట్ మారుస్తారా, మారిస్తే ఏ కంపెనీది? నా ముందే విప్పుతారా? మీ కళ్లముందే విప్పడానికి ఒప్పుకున్న షాపుకి కొంచెం ఎక్కువిచ్చినా నష్టం లేదు. ఇచ్చేముందు ఫోటోలు, ఫైళ్లు ఒక కాపీ తీసుకోండి, పాస్‌వర్డ్ చీటీ అంటించి ఇవ్వకండి. దుమ్ము తీయడానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు.

కూలింగ్ ప్యాడ్ కొనాలా?

బాటిల్ మూతల పరీక్ష ముందు చేయండి. వెనకభాగం లేపితే వేడి తగ్గిందంటే మామూలు స్టాండే సరిపోతుంది. మీ మెషీన్ అడుగున గాలి రంధ్రాలే లేకపోతే కింద ఎన్ని ఫ్యాన్లు తిప్పినా వట్టి మూత చల్లబడుతుంది, చిప్‌కి తేడా తెలియదు. నీలం లైట్లు బాగుంటాయి, అంతకుమించి నేను సిఫారసు చేయను.

ర్యామ్ పెంచితే వేడి తగ్గుతుందా?

తగ్గదు. మెషీన్ స్లోగా ఉంటే ఆ స్లో తగ్గొచ్చు, వేడికి మాత్రం అది మందు కాదు.

మూత మూసి పెద్ద మానిటర్‌కి కనెక్ట్ చేసి వాడుతున్నాను. పరవాలేదా?

మడతబందు దగ్గర నుంచి వేడిగాలి వదిలే మోడల్ అయితే మూత కాస్త తెరిచే ఉంచండి. మూస్తే ఆ గాలి స్క్రీన్ అంచుకి కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది.

ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే పెట్టి వాడితే?

ఛార్జ్ అవుతున్నప్పుడు బ్యాటరీ కూడా తనవంతు వేడి కలుపుతుంది, నిండాక తగ్గుతుంది. అసలు నష్టం వేరే ఉంది. లిథియం బ్యాటరీకి రెండు శత్రువులు: వేడి, ఎప్పుడూ నూరు శాతం నిండి ఉండడం. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో రెండూ కలిసొస్తాయి. అందుకే నూరు నిండకముందే, ఎక్కువగా 80 శాతం దగ్గర, ఛార్జింగ్ ఆపే ఏర్పాటు కంపెనీలే ఇస్తున్నాయి. లెనోవో వాంటేజ్‌లో కన్జర్వేషన్ మోడ్ అని, మైఆసుస్‌లో బ్యాటరీ కేర్ అని ఉంటుంది. మిగతావాటిలో కంపెనీ యాప్‌లోనో, బయోస్‌లోనో (విండోస్ మొదలవక ముందు తెరిచే సెట్టింగుల్లో) వెతకండి. ఊళ్లకి వెళ్లే ముందు రోజు నూరుకి మార్చుకుంటే సరిపోతుంది.

టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం లేదు, కొంచెం పైకి లేచినట్టుంది. వేడికేనా?

వెంటనే ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయండి. చదవడం తర్వాత.

బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. నా పాత ల్యాప్‌టాప్‌కి ఇలాగే అయింది. మొదట ఎడమ క్లిక్ గట్టిగా నొక్కితే గానీ పడేది కాదు. టచ్‌ప్యాడ్ పాడైందనుకుని మౌస్ కొనుక్కున్నాను, ఈ పనిలో ఉండి కూడా! నెల తర్వాత టేబుల్ మీద పెడితే మెషీన్ కుర్చీ పీటలా ఊగింది. అడుగు మూత మధ్యలో బొజ్జ వచ్చింది. విప్పి చూస్తే పల్చటి రేకు పొట్లంలా ఉండాల్సిన బ్యాటరీ వేయించిన అప్పడంలా పొంగి ఉంది.

అలాంటిదాన్ని గుచ్చకూడదు, వంచకూడదు, నొక్కి చదును చేయాలని చూడకూడదు. లోపల మండే వాయువు ఉంటుంది. ఛార్జింగ్ మళ్లీ పెట్టకండి. పరుపుకి, కర్టెన్లకి దూరంగా గచ్చు మీద పెట్టి, విప్పడం రాకపోతే అలాగే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. పాతదాన్ని జీహెచ్ఎంసీ స్వచ్ఛ ఆటోలో పొడి చెత్తతో కలిపి వేయొద్దు, చెత్త నొక్కినప్పుడు అంటుకోవచ్చు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. కొత్తది వేయించుకున్నచోటే పాతది అప్పగించండి.

ల్యాప్‌టాప్‌కి ఫ్యానే లేదు. అదెలా?

కొన్నిటికి ఉండదు. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ అలాంటిదే. బాడీ మొత్తమే వేడిని బయటికి వదులుతుంది కాబట్టి చేతికి వెచ్చగా తగలడం సహజం. దానికి సిలికాన్ కవరో, అట్టలాంటి కేసో తొడిగి వాడితే స్వెటర్ వేసినట్టే. తీసేయండి.

ఆఫీసు ల్యాప్‌టాప్ వేడెక్కుతోంది. ఇవన్నీ నేనే చేయనా?

చేయకండి. ఐటీ వాళ్లకి టికెట్ వేయండి. ఆఫీసు మెషీన్లలో సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు రెండు మూడు కలిసి నడుస్తుంటాయి, వేడికి అవే కారణం కావడం ఎక్కువ. వాటిని మీరు ఆపలేరు, ఆపకూడదు కూడా. టికెట్‌లో "హీట్ అవుతోంది" అని మాత్రమే రాస్తే రీస్టార్ట్ చేయమని మెయిల్ వస్తుంది. ఏ టైములో, ఏ పని చేస్తుంటే, టాస్క్ మేనేజర్‌లో పైన ఏ పేరు ఉంది అన్న స్క్రీన్‌షాట్‌తో వేయండి. అవతల కూర్చునేది నాలాంటివాడే, వివరం ఉన్న టికెట్ ముందు తీస్తాడు.

కారులో వదిలేసి వెళ్లొచ్చా? సాయంత్రానికి వచ్చేస్తాను.

మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు లోపల యాభై అరవై డిగ్రీలు అవుతుంది. మ్యాక్‌బుక్‌ని ఆఫ్ చేసి దాచడానికి కూడా ఆపిల్ రాసిన పైహద్దు 45 డిగ్రీలే. సీటు కింద పెట్టినా, డిక్కీలో పెట్టినా అదే కారు. బ్యాగ్ భుజానికి వేసుకుని పైకి తీసుకెళ్లండి. మరిచిపోయి వదిలేస్తే, తీసిన వెంటనే ఆన్ చేయకండి, ఛార్జింగ్ అసలే పెట్టకండి. గదిలో నీడన మూత తెరిచి, బాడీ చేతికి మామూలుగా తగిలేదాకా ఉంచండి.

వానలు పడితే తగ్గుతుందా, లేక ఇప్పుడే డబ్బులు పెట్టాలా?

మృగశిర వచ్చి, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు కోసం క్యూలు కట్టే రోజులకి గది వేడి దిగుతుంది, దాంతో మీ మెషీన్ కూడా ఆ మేరకు దిగుతుంది. అరచేతి పరీక్షలో గాలి జోరుగా వస్తోందంటే నిశ్చింతగా ఆగండి. గాలి రావడం లేదంటే మాత్రం వానలకోసం చూడొద్దు. దుమ్ము కంబళి వానకి కరగదు, పైగా చెమ్మకి ఇంకా గట్టిపడుతుంది. ఈ ఆదివారమే విప్పించండి.